క్లచ్ లేని బండి

అద్దాలబ్బాయికి నలభై ఆరేళ్ళు. అద్దాలు కోసే కొట్టు నుంచి కిటికీ అద్దాలు, బీరువా అద్దాలు, షాపుల ముందు బిగించే నిలువెత్తు అద్దాలు తన పికప్‌లో ఎక్కించుకుని ఇళ్ళకీ దుకాణాలకీ చేరవేస్తాడు. జుట్టు నెరిసినా పేరు మాత్రం అబ్బాయిగానే ఉండిపోయింది.

ఆరు నెలలుగా అతని ఎడమ పాదానికి స్పర్శ లేదు. షుగరు. ముందు వేళ్ళు మొద్దుబారాయి, తర్వాత మడమ, ఇప్పుడు చీలమండ దాకా ఏమీ లేదు. కుడికాలికి ఇంకా కబురు అందలేదు. ఒక పాదమేగా అనుకునేవాడికి బండి నడపడం తెలియదని అర్థం. క్లచ్ మీద ఉండేది ఆ పాదమే. ఎంత వదిలితే బండి కదులుతుందో చెప్పేదీ అదే. అది చెప్పడం మానేసింది. వెంట్రుకవాసి ఎక్కువ వదిలితే బండి ఎగిరిపడుతుంది. వెనక చెక్క స్టాండుకి ఆనించి కట్టిన అద్దం ఠప్పున చీలుతుంది.

అందుకని ఇంజను శబ్దం విని, మోకాలితో కొలిచి నడుపుతున్నాడు. కొట్టు ఓనరుకి తెలిస్తే మర్నాడే ఇంకో బండిని పిలుచుకుంటాడు. అందుకే చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు.

ఉన్న ఆశంతా హైబ్రిడ్ పికప్ మీదే. అందులో క్లచ్ ఉండదనీ, కదిలేటప్పుడు బ్యాటరీ మోటారే మెల్లగా లాగుతుందనీ, కుదుపే తెలియదనీ షోరూంలో సేల్స్‌మన్ చెప్పాడు. తన బండి లాంటి మధ్య సైజు పికప్‌లలో కూడా రేపో మాపో వస్తుందన్నాడు. అది వచ్చేదాకా నెట్టుకొస్తే చాలు. పాత బండి ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటే కాలు సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు.

షోరూంలో కొత్త బండ్లు చూపిస్తామన్న రోజు వచ్చింది. ఆ పూట అద్దం దించడానికి రెండో మనిషి దొరక్క అక్కని వెంటబెట్టుకున్నాడు. ఆవిడ స్కూలు వ్యాను డ్రైవరు. బడికి సెలవులు. అద్దం వెనక వేసుకుని, ముందు షోరూంకే పోనిచ్చాడు.

"హైబ్రిడ్ అంటే ఏంట్రా, టమాటాలాగానా?" అంది అక్క. "పైకి నిగనిగలాడుతూ, నోట్లో పెట్టుకుంటే ఏమీ లేకుండా."

"ఇంజనూ ఉంటుంది, బ్యాటరీ మోటారూ ఉంటుంది. రెండూ కలిసి లాగుతాయి."

"నువ్వూ మీ ఆవిడా సంసారం లాగినట్టా? అయితే షెడ్డు దాటదు."

అతను నవ్వలేదు. "అందులో క్లచ్ ఉండదక్కా."

"క్లచ్ లేని బండ్లు ఇప్పుడూ ఉన్నాయిగా."

"ఉన్నాయి. షోకు బండ్లు. వెనక స్టాండు పట్టదు."

"క్లచ్ మీద అంత పగేంట్రా నీకు?"

"కాలు నొప్పి."

నొప్పి అన్నది అబద్ధం. నొప్పి ఉంటే బాగుండేది.

షోరూంలో తెల్లటి నేల. మధ్యలో రెండు బండ్లు, మీద ముసుగులు. ఎవరో పెద్దమనిషి ముసుగులు లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకటి లారీ అంత పికప్. ఒకటి చిన్న కారు. రెండూ హైబ్రిడ్లే.

"మధ్య సైజు ఏదండీ?" అని సేల్స్‌మన్‌ని అడిగాడు.

"ప్రస్తుతానికి కంపెనీవాళ్ళు ఆ ఆలోచన మానుకున్నారండీ. ఆ బండి కొనేవాళ్ళు హైబ్రిడ్ అడగడం లేదని సర్వేలో తేలింది."

"నేను అడుగుతున్నాగా."

"మీరొక్కరే కదండీ."

పెద్ద బండి కొనేవాడికి గాలి పాడుచెయ్యడన్న మంచిపేరు కావాలి, ఇచ్చారు. చిన్న కారు కొనేవాడికి పెట్రోలు కలిసిరావాలి, అదీ ఇచ్చారు. బండి మీద కూడు తినేవాడు ఏమీ అడగలేదని రాసుకున్నారు. అడగడానికి వాడి గడప ఎవడు తొక్కాడు గనక.

అద్దాలబ్బాయికి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. చేతిలో పెట్టిన కూల్‌డ్రింకు చల్లగా ఉంది. అంతవరకు తెలిసింది.

"సార్, మీ కాలు," అన్నాడు సేల్స్‌మన్.

గుమ్మం నుంచి అక్కడిదాకా నేల మీద ఎర్రటి ముద్రలు. అడుగు విడిచి అడుగు, అన్నీ ఎడమవే.

అక్క నేలను చూసింది, తమ్ముణ్ణి చూసింది. కుర్చీలో కూలేసి చెప్పు లాగింది. పొద్దున కొట్లో తొక్కి ఉంటాడు. బొటనవేలి గోరంత గాజుపెంకు చెప్పును చీల్చుకుని మడమలో దిగబడి ఉంది. ఆవిడ దాన్ని పీకుతుంటే అతను వేరేవాళ్ళ కాలు చూస్తున్నట్టు చూశాడు.

అక్క గోటితో అరికాలు నొక్కింది. "ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

చీలమండ దాకా వెళ్ళి ఆగింది. "ఎన్నాళ్ళుగా?"

"ఆరు నెలలు."

"ఈ కాలుతోనే జనం మధ్య బండి తిప్పుతున్నావా? బడి వదిలే వేళ నేను పిల్లల్ని దించే రోడ్డు మీద?"

"హైబ్రిడ్ వస్తుందిగా అని..."

"వచ్చిందిగా. చూశాం. పద."

రుమాలుతో మడమ కట్టి చెయ్యి చాపింది. అతను తాళం అందులో పెట్టాడు. వాళ్ళు లేవకముందే తుడిచే మనిషి గుమ్మం వైపు నుంచి తుడుచుకుంటూ వచ్చేసింది.

తన బండిలో పక్క సీట్లో కూర్చోవడం అతనికి అదే మొదలు. అక్క క్లచ్ వదిలింది. బండి నీళ్ళ మీద జారినట్టు కదిలింది.

"ముందు ఆసుపత్రి. తర్వాత అద్దం. ఓనరుకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

ఫోను తీశాడు. అవతల కోత మిషను మోత.

"అన్నా, నేను. నా ఎడమకాలికి స్పర్శ పోయిందన్నా. చాన్నాళ్ళయింది. ఇక బండి నేను నడపలేను."

ఓనరు ఏదో అడిగాడు. అతను వెనక్కి తిరిగి, క్యాబిన్ కిటికీలోంచి స్టాండు వైపు చూశాడు.

"బాగానే ఉందన్నా," అని ఫోను పెట్టేశాడు.

"ఎలా ఉందని అడిగాడా కాలు?" అంది అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"అద్దం అడిగాడు."