చెప్పుకోలేని దురద

పక్షవాతం వచ్చి రాములమ్మకు మాట పోయింది. కుడిపక్క చచ్చుబడింది. పోశయ్య దారం మిల్లులో పని మానేసి, నాచారంలోని ఇంట్లోనే ఉండి భార్యకు అన్నీ తానే చేసేవాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకు, పొద్దుగూకితే చాలు ఆమె ఏడవడం మొదలుపెట్టింది. వీపును పరుపుకేసి రాసేది. ఎడమచేత్తో పొట్ట మీద రక్తం వచ్చేలా గీరుకునేది. బతుకు మీద విసుగనుకున్నాడు పోశయ్య.

“ఊకో రామీ, నేను లేనా?” అని బతిమాలేవాడు.

ఎంతకీ ఆగకపోయేసరికి ఆ చేతిని మెత్తటి తువ్వాలుతో మంచానికి కట్టేశాడు. ఆమె అతని వైపే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత అతని వేళ్ల సందుల్లోనూ దురద పుట్టింది. పక్కింటి వెంకటనర్సమ్మ ఆ పొక్కులు చూసి, “అన్నా, ఇది గజ్జి. వదినెకు గూడ ఉందేమో సూడు” అంది.

రవిక విప్పి చూశాడు. అన్నాళ్లూ గీరుకున్న గాట్లే అనుకున్నాడు గానీ, చంకల్లో, నడుము చుట్టూ అవే పొక్కులు. వెంటనే తువ్వాలు ముడి విప్పేశాడు.

ఉప్పల్‌లో మందుల షాపువాళ్లు తెల్ల లోషన్ ఇచ్చారు. రాసుకుంటే అతనికి కాస్త చురుక్కుమంది, అంతే. ఆమె గీరుకున్న పుండ్లకు తగలగానే మాత్రం గొంతు చించుకుని అరిచింది. గబగబా తడిగుడ్డతో తుడిచేశాడు. వెంకటనర్సమ్మ గంధకం మలాం తెచ్చింది. అది మండలేదు గానీ ఆ వాసనకు రాములమ్మ వాంతి చేసుకుంది.

చివరికి బస్తీ దవాఖానాకు వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

“లోషన్‌తో గజ్జి పోతది గాని పుండ్ల మీద మస్తు మండుతది,” అంది డాక్టర్ పద్మశ్రీ. “గంధకం గూడ పనిచేస్తది, కాని రోజూ రాయాలె. అమ్మకు ఈ క్రీమే నయం. మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి పొద్దుగాల కడగండి. వారమైనంక మళ్లొకసారి. మీరు గూడ అదే దినం రాసుకోవాలె. పురుగు చచ్చినా కొన్నాళ్లు దురద ఉంటది, ఫికర్ చెయ్యకండి.”

“చెయ్యి కట్టేసిన బిడ్డా,” అన్నాడు పోశయ్య.

“మీకు మాత్రం ఎట్ల తెలుస్తది,” అంది డాక్టర్ మెల్లగా.

ఆ సాయంత్రం వేళ్ల సందులూ, చంకలూ వదలకుండా క్రీమ్ రాశాడు. “మండుతుందా?” అని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

“తప్పయిందే రామీ. నాకు సమజ్ గాలే.”

ఆమె కళ్లు మూసుకుంది. క్షమించిందో, అలసిపోయిందో అతనికి తెలియలేదు.

పొక్కులు మెల్లమెల్లగా మానాయి. సాయంత్రాల ఏడుపు ఆగింది. కానీ వానలు పడ్డాక రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆమె దక్కలేదు.

ఆఖరి స్నానం చేయిస్తూ వెంకటనర్సమ్మ లోపలి నుంచి అంది, “ఒళ్లు ఎంత సాఫ్‌గ అయింది అన్నా, ఒక్క పొక్కు లేదు.”

గడప దగ్గర కూర్చున్న పోశయ్య తలెత్తలేదు.

“నీళ్లు మరీ వేడిగ పొయ్యకుండ్రి,” అన్నాడు.