బండిలో కలశం

ఎరువుల కొట్టు ముందు భర్త పానకాలు వ్యాన్ ఆపగానే మల్లేశ్వరి దిగి దాని ఇనుప మెట్టు కడిగింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. శ్రీశైలం చూసుకుని మంగళగిరి తిరిగి వెళుతూ పొదిలి చేరేసరికి వరలక్ష్మీ వ్రతం రోజు వచ్చేసింది. మధ్యాహ్నానికి ఊరు చేరతాం, సాయంత్రం ఇంట్లోనే చేసుకోవచ్చని భర్త అన్నాడు. ఆమె వినలేదు.

ఊళ్ళో ఉన్నది అద్దె ఇల్లు. పెళ్ళయినప్పటి నుంచీ అద్దె ఇళ్ళే. గడపకు పసుపు రాస్తే రంగు పాడవుతుందన్నవాళ్ళూ, పేరంటాళ్ళు వచ్చిన రోజే నీళ్ళ మోటారు కట్టేసినవాళ్ళూ ఉన్నారు. టూరిస్టు బండ్లు నడిపి నడిపి పానకాలు ఈ పాత వ్యాన్ కొన్నాడు. గుంటూరు ఆటోనగర్‌లో మంచం, పొయ్యి, అల్మారా పెట్టించాడు. ఎవరినీ అడగకుండా పసుపు రాసుకోగల గడప ఆమెకు ఇదే మొదటిది.

పొయ్యి పక్క పలక మీద బియ్యం పోసి కలశం నిలిపింది. కొట్టు యజమానురాలు జయకుమారికి బొట్టు పెట్టి పేరంటానికి పిలిచింది. ఆవిడ బండిలో వ్రతమేమిటని నవ్వి ఊరుకుంది. పూజ సగంలో ఉండగా తలుపు దగ్గరికి వచ్చి, యూరియా లారీ వస్తోంది, బండి ముందుకు తీయమంది.

పానకాలు తాళంచెవి అందుకున్నాడు.

"ఆగండి," అంది మల్లేశ్వరి. "కలశం పెట్టాక కదపకూడదు."

"చక్రాల మీద పెట్టుకుని కదపకూడదంటే ఎట్టాగమ్మా?"

"ఇది మా ఇల్లండి. మీ ఇంట్లో వ్రతం జరిగేటప్పుడు గోడలు జరపమంటే జరుపుతారా?"

"ఆ ఇల్లు మా కొట్టు ముందు కట్టావే!"

ఆవిడన్నదీ నిజమేననిపించింది మల్లేశ్వరికి. స్థలం ఎవరిదని అమ్మవారు చూస్తుందా? చూస్తే అద్దె ఇళ్ళకు ఇన్నేళ్ళూ ఎలా వచ్చింది? ఏమో. ఒకరు లెమ్మంటే లేవడం మాత్రం ఇవాళ ఆమె వల్ల కాదు.

"లారీ దూరంగానే ఆపించండి. బస్తాలు మేం మోస్తాం. బండి కదలదు."

అప్పుడే మిరపనారు నాటి వస్తున్న కూలీల ఆటో మంచినీళ్ళ కోసం కొట్టు దగ్గర ఆగింది. మల్లేశ్వరి కుంకుమ భరిణె పట్టుకుని వాళ్ళ దగ్గరికి నడిచింది. ఆడవాళ్ళు వెనక్కి తగ్గారు. తమను పేరంటానికి ఎవరూ పిలవరనీ, కాళ్ళ నిండా బురదేననీ అన్నారు.

"పసుపు రాసేది కాళ్ళకేగా, రండి."

"వాళ్ళెవరో తెలుసా నీకు?" అంది జయకుమారి గొంతు తగ్గించి.

"పేరంటాళ్ళు," అంది మల్లేశ్వరి గట్టిగా.

ఒక్కొక్కరే మెట్టెక్కారు. ఆమె బకెట్టు నీళ్ళతో వాళ్ళ కాళ్ళు కడిగి పసుపు రాసింది. ఒకావిడ సిగ్గుపడి కాళ్ళు ముడుచుకుంటే పక్కావిడ ఆమె మోకాలి మీద పొడిచింది. లోపల చోటు చాలక నవ్వుకుంటూ ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. రోడ్డు మీద లారీ హారన్ మోగింది. ఆమె తల తిప్పకుండా హారతి ఇచ్చి, నానబెట్టిన శనగలూ తాంబూలమూ అందరికీ వాయనమిచ్చింది.

మల్లేశ్వరి దిగేసరికి పానకాలు తలకు తువ్వాలు చుట్టుకుని లారీ దగ్గర ఉన్నాడు. ఆమె చెంగు నడుముకు బిగించి బస్తా రెండో కొస పట్టుకుంది.

"కొత్త చీర, పాడవుద్దమ్మా," అంది జయకుమారి.

"పాడవనీయండి," అంటూ ఆమె బస్తా పైకెత్తింది.