బతికున్నవాటి లెక్క

నేను ఒక రక్తకణాల లెక్క యంత్రాన్ని. ఆస్పత్రిలో నన్ను సీడీఫోర్ మిషను అనేవారు. సముద్రాల అవతల ఒక కర్మాగారంలో, ముఖానికి గుడ్డలు కట్టుకున్న మనుషులు నా కడుపులో లేజరు దీపాన్ని అమర్చారు. ఓడలో చెన్నైకి, అక్కణ్ణించి లారీలో జాతీయ రహదారి పక్కనున్న ఒక ఊరి సర్కారు ఆస్పత్రికి వచ్చాను. వేడి నాకు పడదని నా గదికి ఏసీ బిగించారు. జ్వరంతో వచ్చిన మనుషులు మాత్రం బయట రేకుల వసారాలో, తిరగని ఫ్యాను కింద కూర్చునేవారు. మనుషుల మర్యాదలు నాకు ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు.

హెచ్‌ఐవీ సోకినవాళ్ల రక్తంలో సీడీఫోర్ అనే తెల్లకణాలకు ముందుగా రంగు పట్టించి నాకు ఇస్తారు. అవి ఒక్కొక్కటే వరుసకట్టి నా దీపం ముందునుంచి పోతుంటే లెక్కపెడతాను. ఒంట్లోకి రోగం వస్తే మిగతా రక్షక కణాలను కూడగట్టేవి అవే. ఆరోగ్యవంతుడిలో ఆవగింజంత రక్తానికి ఆ లెక్క వెయ్యి దాకా ఉంటుంది. వైరస్ చేరాక ఏటేటా తరుగుతుంది. ఆ రోజుల్లో నియమం ఏమిటంటే, లెక్క మూడు వందల యాభైకి దిగితేనే మందులు మొదలుపెడతారు. అంతవరకూ ఆర్నెల్లకోసారి వచ్చి రక్తం ఇచ్చి పోవాలి.

నన్ను నడిపింది సలోమి. అంతకుముందు పదేళ్లు మలేరియా స్లైడ్లు చూసిన ల్యాబ్ టెక్నీషియన్. నా గొట్టాలను వేరొకరిని కడగనిచ్చేది కాదు. అన్నం డబ్బా తెరిచినా నా మీద ఒక కన్ను వేసి ఉంచేది. తప్పు రాయడమంటే ఆమెకు పాపంతో సమానం. ఒప్పు రాసి కూడా కుమిలిపోవలసి వస్తుందని అప్పటికి ఆమెకు తెలియదు.

ఇర్మియా పెళ్లి మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ముప్పై ఆరేళ్లుంటాయి. మొదటిసారి అతని లెక్క ఆరు వందల పన్నెండు వచ్చింది. కిటికీలోంచి తల పెట్టి, "ఏమ్మా, పాసైనట్టేనా?" అని అడిగాడు.

"పాసే అన్నా. మళ్లా ఆర్నెల్లకి రా," అని సలోమి నవ్వింది.

రెండోసారి నాలుగు వందల ఎనభై. అప్పుడూ పాసే అంది. కానీ ఆ మధ్యాహ్నం కరెంటు పోయి నేను చల్లబడి ఉన్నప్పుడు, ఈ రోగులను చూసే డాక్టర్ హైమవతి గదిలోకి వస్తే సలోమి ఉండబట్టలేక అడిగింది. "మేడం, వైరస్ కాపురం పెట్టిన కణాలు కొద్దిగానే ఉంటాయంటారు. మరి ఇన్ని ఎందుకు పోతున్నాయి?"

డాక్టరమ్మ ఎక్స్‌రే కవరు వెనక పెన్నుతో గుండ్రాలు గీసింది.

"వైరస్ దూరే కణాల్లో ఎక్కువభాగం నిద్రలో ఉంటాయి సలోమీ. అక్కడ అది తన నకలు రాసుకోబోయి మధ్యలో ఆగిపోతుంది. ఆ సగం రాత ముక్కలు లోపలే మిగులుతాయి. కణంలో కావలి కాసే ప్రొటీన్లు వాటిని పసిగట్టి, దొంగ పడ్డాడని కబురు పంపుతాయి. ఆ కబురు అందితే కణం తనను తానే చంపుకుంటుంది."

"పోతే పోయింది, దొంగ కూడా పోతాడుగా?"

"గుట్టుగా పోతే బాగానే ఉండేది. కొన్ని అలాగే ముడుచుకుని పోతాయి. కానీ చాలావరకు పగిలి చస్తాయి. పగిలినప్పుడు లోపలిదంతా బయటపడి, వాపు పుట్టించే కబురు చుట్టుపక్కలకు పాకుతుంది. ఏదో ప్రమాదం జరిగిందని మంచి కణాలు సాయానికి పరిగెత్తుకొస్తాయి. వైరస్ వాటిలోకీ దూరుతుంది. అవీ అలాగే పగులుతాయి."

"అంటే ఆర్పటానికి వచ్చినోళ్లు కూడా అందులోనే..."

"అందులోనే. పైకి లెక్క బాగున్నా ఇది ఆగదు. మందు పడితేనే ఆగేది."

"మరి మూడొందల యాభై దాకా ఎందుకు కూర్చోబెడుతున్నాం మేడం?"

డాక్టరమ్మ కవరు మడిచింది. "అందరికీ చాలినన్ని మందులు లేవు. ఉన్నవి ముందు ఎవరికివ్వాలో తేల్చుకోవటానికి గీసుకున్న గీత అది."

నాకు సిగ్గనిపించింది. బతికుండి నా దీపం ముందుకొచ్చినవాటినే నేను లెక్కపెట్టగలను. ఈ కణాలు ఎక్కువగా కాపురముండేది మెడ కిందా చంకల్లోనూ ఉండే గ్రంథుల్లో; అక్కడ చచ్చేవాటి కబుర్లు నా దాకా రావు. ఎన్ని మిగిలాయో చెబుతాను గాని, ఎంత వేగంగా పోతున్నాయో నాకేం తెలుసు?

మూడోసారి ఇర్మియా పెళ్లిళ్ల కాలంలో వచ్చాడు. మెడ దగ్గర ఎముకలు తేలాయి. కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు దగ్గాడు.

"దగ్గు ఎన్నాళ్లనించి అన్నా?"

"ఊది ఊది గొంతు రేగిందిలే అమ్మా. వరసబెట్టి ముహూర్తాలుగా."

ఆ రోజు నేను చెప్పిన లెక్క మూడు వందల అరవై రెండు. గీతకు పన్నెండు ఎక్కువ. అదే రక్తాన్ని రెండోసారి పోస్తే నేను సరిగ్గా అదే అంకె చెప్పను. పదో ఇరవయ్యో అటూ ఇటూ అవుతుంది. ఇది సలోమికి నాకంటే బాగా తెలుసు. రంగు మందు ఒక్క గొట్టానికి సరిపడా మిగిలి కూడా ఉంది. ఆమె ఇర్మియా గొట్టాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అంకె తగ్గుతుందేమోనని మళ్లీ పరీక్షించడం ఆమెకు దొంగలెక్క రాసినట్టే అనిపించింది. టీబీ ఏమో, డాక్టరమ్మతో దగ్గు సంగతైనా చెబుదామని లేచింది. బయట ముప్పైమంది కూర్చుని ఉన్నారు. మళ్లీ కూర్చుంది. మూడు వందల అరవై రెండని రాసి సంతకం పెట్టింది.

"పాసేనా?" అన్నాడు ఇర్మియా.

"ఆర్నెల్లకి తప్పకుండా రా అన్నా," అంది. పాసనే మాట ఆమె నోట రాలేదు. అతను దాన్ని గమనించలేదు.

ఆర్నెల్లకు అతను రాలేదు. తొమ్మిదో నెలలో మేళంలో డప్పు కొట్టేవాళ్లు ఆటోలో వేసుకుని తెచ్చారు. లెక్క నలభై ఒకటి. రెండు ఊపిరితిత్తుల్లోనూ టీబీ. సలోమి ఆ కాగితాన్ని డాక్టరమ్మ చేతికిచ్చి, ఏసీ గదిలోకి వచ్చి, నా మూత మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

ఇర్మియా చావలేదు. ముందు టీబీ మందులు, తర్వాత వైరస్ మందులు పడ్డాయి. ఒంట్లో మంట ఆరింది. కానీ ఆరేసరికి మిగిలింది కొంచెమే. ఏళ్లు గడిచినా అతని లెక్క రెండు వందల నలభై దాటలేదు. ఒక ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. క్లారినెట్ వేరొకరి చేతికి పోయింది. మేళంవాళ్ల కోట్లకు జరీ అంచులు కుట్టుకుంటూ బతికాడు. నెలనెలా మందులకు వచ్చి సలోమిని పలకరించి పోయేవాడు. అతను నవ్వినప్పుడల్లా ఆమె తల దించుకుని ఏదో ఒక గొట్టం కడిగేది.

తర్వాత మందులు పెరిగాయి, గీత పైకి జరిగింది. చివరికి గీతే పోయింది. వైరస్ ఉందని తేలిన రోజునుంచే మందు ఇవ్వసాగారు. నాతో పని తగ్గింది. నా విడిభాగాలు కూడా దొరకడం మానేశాయి. పనికిరాని సామాన్ల జాబితాలో నా పేరు రాసి, నన్ను తీసుకుపోవడానికి ఇద్దరు మనుషులను పంపారు.

వాళ్లు నా తీగలు ఊడదీస్తుండగా ఇర్మియా మందుల సీసాతో కిటికీ దగ్గరికి వచ్చాడు. సలోమి అతన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

"అన్నా, నీకో మాట చెప్పాలి," అని మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా అంతా చెప్పింది. పన్నెండు ఎక్కువ రావడం, మిగిలిన రంగు మందు, డాక్టరమ్మ దగ్గరికి లేచి మళ్లీ కూర్చోవడం, అన్నీ. "నేను రాసింది అబద్ధం కాదు. కానీ ఆ రోజు ఇంకోసారి చూసుండొచ్చు."

ఇర్మియా మందుల సీసాను ఒళ్లో పెట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. మనుషులు ఇలాంటప్పుడు పర్లేదని అంటారు. అతను కూడా అంటాడేమోనని నేను ఎదురుచూశాను. ఆమె కూడా ఎదురుచూసిందనుకుంటాను.

"చూసుంటే బాగుండేదమ్మా," అన్నాడు.

ఆమె తలూపింది. అతను లేవలేదు, ఆమె కూడా కదల్లేదు. తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అప్పటికే నన్ను గుమ్మం దాటించేశారు.