కప్పు కొట్టని మనిషి

గనిలో రక్షణ వారోత్సవాలకు నాటిక ప్రతి ఏడూ గిడియోనే రాసేవాడు. అక్కడ గుమాస్తా, చర్చిలో సంఘపెద్ద. ఈసారి రాసింది చేతిలో పట్టుకుని రాహేలు ఇంటికొచ్చాడు. రెండేళ్ల కిందట గనిలో పైకప్పు కూలి చనిపోయిన ఆమె భర్త యోబు కథనే నాటికగా కట్టాడట.

"పేరు మార్చిన చెల్లె. నువ్వు వద్దంటె చింపేస్త."

"ఏం రాసినవన్నా?"

బొగ్గు తీసేచోట నిలబడే ముందు పైకప్పును కర్రతో కొట్టి వినాలి. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా పలికితే వెనక్కి రావాలి. నాటికలో కార్మికుడు ఇంటికి పోయే తొందరలో కొట్టి చూడడు. చనిపోతాడు.

"మా ఆయన మంచం గూడ కొట్టి చూసి పండెటోడన్నా" అంది రాహేలు.

"నాకు తెల్వదా? కాని తప్పు లేకుంటె చూసెటోళ్లు ఏం నేర్చుకుంటరు?"

మర్నాడు ఆమె పోశం క్వార్టరుకు పోయింది. ఆ రోజు యోబు పక్కన ఉన్నది అతనొక్కడే. అప్పటినుంచీ కుంటుతూనే నడుస్తున్నాడు.

"నిజం జెప్పు తమ్మీ. కొట్టిండా, లేదా?"

పోశం దండెం మీది బట్టలవైపు చూస్తూ అన్నాడు. "రెండుసార్లు కొట్టిండు వదినె. నేను గూడ విన్న. గంట లెక్క మోగింది. మోగినంకనే పడ్డది."

"గిడియోనన్నకు చెప్పలేదా?"

"చెప్పిన. కొట్టినంక గూడ పడ్డదని ఆడితె రేపటిసంది ఎవడన్న కర్ర పడ్తడా అన్నడు. నేను లేచి వచ్చిన."

ఆదివారం ఆరాధన అయ్యాక, గనిలో కొత్తగా డ్యూటీకి చేరిన కుర్రవాళ్లు చర్చి మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతుంటే రాహేలు చాలాసేపు చూసింది. తర్వాత గిడియోన్ దగ్గరికి పోయి, "నాటిక ఆడుండ్రి అన్నా" అంది.

నాటిక రోజు హాలు నిండిపోయింది. వేషగాడు కర్రను గోడకానించి ముందుకు నడిచాడు. "ఓ కాకా, కర్ర మర్శినవ్!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. కప్పు కూలినట్టు మీదినుంచి నల్లగుడ్డ పడింది. నవ్వు ఆగిపోయింది.

పక్కింటి అనసూర్య రాహేలు చెయ్యి పట్టుకుంది. "గంత తొందరేందక్కా మీ ఆయనకు? ఒక్కసారి కొట్టి చూస్తె ఏం పోతుండె?"

రెండుసార్లు కొట్టిండని రాహేలు చెప్పబోయింది. ముందు వరసలో కుర్రవాళ్లు ఇంకా కదలకుండా కూర్చునే ఉన్నారు.

"గట్లనే అయింది అనసూర్యా" అంది రాహేలు.

మెల్లగా చెయ్యి విడిపించుకుని తల వంచుకుంది. చుట్టూ చప్పట్లు మోగుతున్నాయి. ప్రార్థన చేద్దామనుకుంది. కప్పు మోగింది గదా ప్రభువా, అన్న ఒక్కమాటే వచ్చింది.