సంస్కారపు గిన్నె ఎవరు తీశారు?

బీరువాకు వేసిన తాళం వేసినట్టే ఉంది, లోపల సంస్కారపు వెండి గిన్నె లేదు, రొట్టె పళ్లెమూ లేదు.

సంఘ పెద్ద వరదానం తలుపు మూసి, నమ్మలేక మళ్లీ తెరిచాడు. పై అర ఖాళీ. అది 2005 జూలై మొదటి ఆదివారం, ప్రభు బల్ల ఇచ్చే రోజు, అంటే ఆ పళ్లెంలో రొట్టె, ఆ గిన్నెలో ద్రాక్షరసం సంఘానికి పంచే రోజు. ఇంకో అరగంటలో అనకాపల్లిలోని ఆ చిన్న గుడి నిండిపోతుంది. సబ్బవరం నుంచి వచ్చేవాళ్లు అప్పటికే చాపల మీద చోటు చూసుకుంటున్నారు.

తాళం పగలలేదు. అంటే దొంగ ఇంటివాడే. తాళం చెవులు రెండే రెండు. ఒకటి వరదానం మొలతాడుకు ఉంది. రెండోది పాస్టరు రూఫస్ అయ్యగారి దగ్గర ఉంటుంది. అయ్యగారిని అనుమానిస్తే కళ్లు పోతాయి. మరెవరు?

వరదానం చూపు తిన్నగా తమ్ముడు ఇమ్మాన్యుయేల్ మీదికి వెళ్లింది. నాలుగేళ్ల క్రితం అన్నదమ్ములిద్దరూ తల్లిదండ్రుల జ్ఞాపకార్థం గుడి గుమ్మం పక్కన పాలరాతి పలక పెట్టించారు. దాని మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఆనాటి నుంచి పలకరింపుల్లేవు. ప్రతి నెలా ఒకే వరుసలో కూర్చుని బల్ల మాత్రం తీసుకుంటారు, మధ్యలో నలుగుర్ని అడ్డం పెట్టుకుని.

"కొందరికి నా పెద్దరికం మీద కన్ను. పదిమందిలో నన్ను సిన్నబుచ్చాలని తీసుంటారు," అన్నాడు వరదానం, గోడతో చెబుతున్నట్టు.

ఇమ్మాన్యుయేల్ కూడా గోడకే జవాబిచ్చాడు. "తాళం చెవి మొలకి కట్టుకు తిరిగినోలు పక్కోల మీద పడతన్నారేటి? ముందు ఆలింట్లో ఎతుక్కోమనండి."

చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ఆడమనిషి గొంతు తగ్గించి అంది: "నిన్న ఊడిసింది దేముడమ్మే కదా. బాప్తిస్మం కూడా లేని మనిషి."

అంతే. అన్ని కళ్లూ గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతున్న దేముడమ్మ మీద పడ్డాయి.

"బీరువా ముట్టేవా నువ్వు?" అన్నాడు వరదానం.

"పైన దుమ్ము దులిపేను బావూ. తాళం నాకెవులిచ్చేరు? తొమ్మిదేళ్లై మీ సెప్పులు సర్దతన్నాను, ఒక్క జత పోయిందేటి?"

"టేసన్లో అడిగితే నిజం అదే వత్తాది." వరదానం కొత్త సెల్‌ఫోను బయటికి తీశాడు.

"పిలవండి, తేలిపోద్ది," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

నాలుగేళ్ల తర్వాత అన్నదమ్ముల మాట ఆ రోజు కలిసింది. దేని మీద కలిసిందో పాఠకులే చూడండి.

దేముడమ్మ అక్కడే చతికిలబడింది. "టేసను గుమ్మం ఎక్కితే మరి ఏ ఇంట్లోనూ నాకు పనివ్వరు బావూ. పిల్లకి జొరం, మందులు కొనాల."

అప్పుడు వేదిక పక్క గది తలుపు తెరుచుకుంది. రూఫస్ అయ్యగారు తెల్లగుడ్డ మూటతో వచ్చి, దాన్ని బల్ల మీద విప్పారు. లోపల గిన్నె, పళ్లెం.

"ఫోను పెట్టెయ్యండి వరదానం గారూ. తీసింది నేను."

వరదానం చెయ్యి కిందికి దిగిపోయింది.

"ఏదో మంచికి తీశానని చెప్పను, భయంతో తీశాను. పూర్వం బల్లకు ముందు శనివారం సిద్ధపాటు కూడిక ఉండేది. పగ ఉన్నవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నాకే మర్నాడు గిన్నె ముట్టేవారు. అందరికీ తీరిక లేదంటే ఆ కూడిక నేనే మానేశాను. మీ అన్నదమ్ములకి నాలుగేళ్లుగా ఈ చేత్తోనే రొట్టె విరిచి ఇచ్చాను. ఆగండి, ముందు సమాధానపడండి అంటే నన్ను ఈ సంఘంలోంచి పంపేస్తారని నోరు మెదపలేదు. నిన్న మనసు ఒప్పలేదు, చెప్పే ధైర్యమూ రాలేదు. గిన్నె కనబడకపోతే ఈ నెల గండం గడుస్తుందనుకున్నాను. ఇందాక దేముడమ్మని నిలదీస్తుంటే తలుపు వెనకే ఉండి కూడా వెంటనే రాలేదు. అమ్మా, నన్ను క్షమించు. ఈ రోజు బల్ల లేదు. శనివారం అందరూ రండి, ముందు నేనే మోకరిస్తాను. పక్క మనిషిని పగతో చూసే కళ్లు మూసుకుని చేసేది ప్రార్థన కాదని తెలిసి కూడా, ఇన్నాళ్లూ మీచేత ఆమెన్ అనిపించిన దొంగని నేను."