ముడి అక్కర్లేని దారం

నేల అదురుతోంది.

ఖట్... ఖట్... ఖట్...

ముంబైకి దగ్గర్లోని మగ్గాల పేట కామత్‌ఘర్‌లో పొద్దున్నే ముందు మేలుకునేవి అరికాళ్లు. నలభై ఏళ్ల పవర్‌లూమ్ చప్పుడు దేవయ్య చెవుల్ని తీసుకుపోయింది. కాళ్లను వదిలేసింది. ఏ మగ్గం ఆగిందో, ఏ మగ్గం తడబడిందో... ఆయన అరికాళ్లు చెబుతాయి.

కార్ఖానాలో ఎవరూ గొంతుతో మాట్లాడరు. పెదవులతో మాట్లాడతారు. వేళ్లతో మాట్లాడతారు. రెండు వేళ్లు కలిపి చటుక్కున విడదీస్తే — దారం తెగింది. వేలితో వేలు నలిపితే — ముడి వెయ్యి.

కూతురు దీపాలికి ఆ భాష వచ్చు. బాపుకు అన్నం డబ్బా తెచ్చే వయసులోనే వచ్చింది.

తన పని గురించి మాత్రం ఆ భాషలో ఎన్నడూ చెప్పలేదు.

సముద్రపు జీవుల గురించి చదివింది దీపాలి. నీళ్లు వెనక్కి తగ్గిన వేళ ముంబై రాళ్ల ఒడ్డున జనాన్ని నడిపిస్తుంది. రాళ్ల నడుమ గుంటల్లో ఏమేం బతుకుతున్నాయో చూపిస్తుంది. మరాఠీలో. హిందీలో.

గల్లీలో అందరిదీ ఒకటే మాట —

"దేవన్నా, నీ బిడ్డ ఇయ్యాలన్న బొంబిల్ చేపలు తెచ్చిందా?"

దేవయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆమె ఏం చేస్తుందో ఆయనకూ తెలియదు.

అందుకే తను పనిచేసే సంస్థను అడిగింది. ఒక్క నడక... తెలుగులో... మా మగ్గాలవాళ్ల కోసం.

సంస్థ ఒప్పుకుంది. ఒక్కసారికి. సంస్థ మనిషి అమోల్ వచ్చి చూస్తాడు. ఎవరూ దేన్నీ ముట్టుకోకపోతేనే రెండోది.

శుక్రవారం. మగ్గాలకు సెలవు.

పదకొండు మంది. షేర్ ఆటోలు, తర్వాత లోకల్ రైలు. సముద్రం రెండు గంటల దూరమే. దేవయ్య రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

తడి రాళ్లు. ఉప్పు వాసన. గాలి.

చెప్పులు చేతిలో పట్టుకుని అందరికంటే వెనక నిలబడ్డాడు దేవయ్య.

దీపాలి చెప్పింది. పువ్వులా విచ్చుకుని, నీడ పడితే ముడుచుకునే జీవి గురించి. ఖాళీ గుల్లలో కాపురముండే పీత గురించి. ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పింది.

మూడుసార్లూ ఆమె మొహం సముద్రం వైపే ఉంది.

కండెలు చుట్టే ఓదెమ్మ కాలు జారింది. పడలేదు. ఆమె మడమ తగిలి, రాతిని పట్టుకుని బతికే ఆల్చిప్ప ఒకటి ఊడి పడింది.

ఆకుపచ్చ ఆల్చిప్ప. దాని కింద గోధుమరంగు పోగులు. సన్నవి... తెగినవి.

తెగిన పోగును దేవయ్య ఏనాడూ అట్లా వదిలి పోలేదు.

ఆలోచన కంటే ముందు చెయ్యి వెళ్లింది. కూర్చున్నాడు. ఆల్చిప్పను అరచేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు తడి చేసుకుని, రాతికి మిగిలిన కొసను వెతికి... ముడి వేయబోయాడు.

"కాకా! హాత్ లావూ నకా!" ముట్టుకోవద్దని అమోల్ మరాఠీలో అరిచాడు.

దేవయ్యకు వినపడదు.

"కాకా!"

పదిమందీ దీపాలి వైపు చూశారు. అమోల్ చేతిలో కాగితం. కాగితం మీద పెన్ను.

అప్పుడు తెలిసింది ఆమెకు. బాపు మాట మీరలేదు. బాపుకు ఆ మాటే అందలేదు.

ఎదురుగా వెళ్లి కూర్చుంది. మొహంలో మొహం పెట్టి, గొంతు లేకుండా, పెదవులతో —

బాపూ. ముడి అక్కర్లేదు.

రెండు వేళ్లు విడదీసింది. తెగింది, నిజమే. బొటనవేలు చాపి రాతికి ఆనించింది. ఇది దాని కాలు. కాలిలో సన్నని గాడి. గాడిలోకి పోగు నీళ్లలా జారుతుంది... గట్టిపడుతుంది... రాతిని పట్టుకుంటుంది. ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి.

తనే నేస్తుంది బాపూ.

దేవయ్య కళ్లు ఆమె వేళ్లను వదల్లేదు.

"కండె లేదు, నాడె లేదు. ఎట్ల నేస్తది?" తన మాట తనకు వినపడని మనిషి కదా... ఒడ్డంతా వినపడేలా అడిగాడు.

"నీ లెక్క సేటు చేత తిట్లు తిని నేర్చుకోలే దేవన్నా! పుట్టుకతోనే వచ్చింది దానికి!" ఓదెమ్మ కూడా వేళ్లతోనే చెప్పింది.

అందరూ నవ్వారు. అందరూ వంగారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆల్చిప్ప చుట్టూ పదకొండు తలలు.

దేవయ్య దాన్ని పాత చోటే, రాతి పగులులో ఆనించాడు. మెల్లగా.

"పట్టుకుంటదా?"

దీపాలి అబద్ధం చెప్పలేదు. పట్టుకోవచ్చు. ఆ లోపే అలకు కొట్టుకుపోవచ్చు.

అమోల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏం రాశాడో చెప్పలేదు.

వచ్చేస్తుంటే దేవయ్య ఆగాడు. ఉత్తి కాళ్లతో రాతి మీద నిలబడి... "వస్తున్నది" అన్నాడు.

అప్పటికింకా అల ఒక్కటీ దగ్గరికి రాలేదు.

శనివారం.

రెండో నడక గురించి అమోల్ దగ్గర్నుంచి మెసేజ్ లేదు. డబ్బా పట్టుకుని కార్ఖానా గుమ్మంలో నిలబడింది దీపాలి. లోపల ఇరవై నాలుగు మగ్గాలు. దూది పొగమంచులో బాపు.

పోగు తెగింది. మగ్గం ఆగింది. ముడి వేయబోయిన చెయ్యి గాలిలో ఆగింది. దేవయ్య తలెత్తి కూతుర్ని చూశాడు.

బొటనవేలు చాపి, మగ్గం కర్రకు ఆనించాడు. కనుబొమలు ఎగరేశాడు.

పట్టుకుందా?

ఏ మగ్గమూ ఎరగని సైగ. నిన్నటి సైగ.

దీపాలి పెదవులు కదిపింది. తెలియదు బాపూ...

ఆయన తల ఊపాడు. బొటనవేలు మాత్రం కర్ర మీంచి తీయలేదు.

ఖట్... ఖట్... ఖట్...

నేల అదురుతోంది.