లచ్చమ్మ గొంతు రికార్డింగు

మా పక్క వాటాలో చాలాకాలం ఉండి మీర్‌పేట్‌కు మారిపోయిన లచ్చమ్మకు రేపు గొంతు ఆపరేషన్. తర్వాత మాట ఎలా ఉంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకే ఆమె పాటలు రికార్డు చేద్దామని దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి పిలిపించాను. నా మనవరాలు తన్మయి వాడుకునే మ్యాక్ కంప్యూటర్‌కు నేను మైకు పెట్టె తగిలిస్తే, అది అసలు గుర్తించలేదు.

తన్మయి ఆఫీసు నుంచే మా తెరను చూస్తూ ఫోనులో చెప్పింది.

"అమ్మమ్మా, సిస్టమ్ రిపోర్టులో చూశాను. మైకు తాలూకు ఎక్స్‌టెన్షన్‌కు, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాముకు, అనుమతి లేదని కంప్యూటరే ఆపేసింది. మొన్న అప్‌డేట్ అయ్యాక హెచ్చరిక ఏమైనా వచ్చిందా?"

"వచ్చిందే. భయమేసి మూసేశాను."

"సెక్యూరిటీ సెట్టింగులు తెరిచాను. అక్కడ 'అలో' అని ఉంది చూడు. దూరం నుంచి నేను నొక్కితే ఒప్పుకోదు. నువ్వే నొక్కాలి."

తప్పు నొక్కితే పిల్ల దాచుకున్నవన్నీ పోతాయేమోనని నా చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

"జర నొక్కరాదు లలితక్కా! దవాఖానకు పోయేది నేను, వణికేది నువ్వా?" అంది లచ్చమ్మ.

నొక్కాను. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. మైకు పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. తన్మయి అక్కడి నుంచే రికార్డింగు మొదలుపెట్టింది.

"ఇక పాడు," అన్నాను లచ్చమ్మతో.

"పాట ఎటుబోతది? ముందు నిన్ను పిలుస్త," అని గొంతు సవరించుకుని, పక్క వాటాలో ఉన్న రోజుల్లో వీధి చివర నుంచి కేకేసినట్టు, "ఓ లలితక్కా!" అంది.

"వస్తున్నానే," అన్నాను. తెర మీద గీతలు మా ఇద్దరి మాటలకూ లేచాయి.